తుమ్ముల షెడ్డు

జాన్ బాషా ట్రాక్టరు అమ్మిన రోజు సాయంత్రమే గుల్జార్ బేగం తన గేదెను తోలుకొచ్చి షెడ్డులో కట్టేసింది. ట్రాక్టరు కార్చిన నూనె మరక గచ్చు మీద ఇంకా తడి ఆరనే లేదు. గేదె ఆ మరకను ఒకసారి వాసన చూసి, ఫరవాలేదన్నట్టు దాని పక్కనే కాళ్లు మడిచి పడుకుని నెమరు మొదలెట్టింది. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, రెండు రెక్కల ఇనప తలుపు. ఇంత దర్జా కొట్టంలో కాపురముండే గేదె నల్లరేగడిపాలెంలో కాదు గదా, నరసరావుపేట నుంచి వినుకొండ దాకా వెతికినా దొరకదని ఊళ్లో అన్నారు. అన్నవాళ్లలో సగం మందికి తాముండే ఇళ్లకే గచ్చు లేదు.

జాన్ బాషా నడుము పట్టేసి ట్రాక్టరు దిగిన మనిషి. దిగాక ఏం చెయ్యాలో తెలియక వీధరుగు మీద కూర్చునేవాడు. పక్కనే ఉన్న షెడ్డులోంచి గేదె తల బయటపెట్టి అతన్ని చూసేది. ఆ చూపులో జాలి ఉందని అతని అనుమానం. పరాయివాళ్లు జాలిపడితే పడొచ్చుగానీ, తన షెడ్డులో పడుకుని, తన గడ్డి తింటూ, తన మీదే జాలిపడితే ఏ మగాడు ఓర్చుకుంటాడు?

అంతలో మిరప కల్లాల కాలం వచ్చింది. ఊరి చుట్టూ ఎటు చూసినా ఎర్రటి కల్లాలే. ఇంత మిరప పండే ఊళ్లో కారం పట్టించుకోవాలంటే మాత్రం ఆడవాళ్లు సంచులు నెత్తిన పెట్టుకుని బస్సెక్కి పోవాల్సిందే. ఈ సంగతి ఊరందరికీ తెలిసిందే అయినా జాన్ బాషాకి మాత్రం అరుగెక్కి కూర్చున్నాకే తెలిసింది. ఇంకేముంది, షెడ్డులో కారం మిల్లు పెడతానన్నాడు. వేటపాలెంలో మూతపడిన ఒక జీడిపప్పు కార్ఖానాలో పది గుర్రాల మోటారు ఉందని, దానికి తగ్గ మిల్లు యంత్రం చీరాలలో దొరుకుతుందని తిరిగి తిరిగి తెలుసుకొచ్చాడు. కానీ పది గుర్రాల మోటారుని లోపలికి తేవాలంటే ముందు ఒక గేదెని బయటికి పంపాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

గుల్జార్ బేగం ముందు వినిపించుకోలేదు. తర్వాత వినిపించుకుని నవ్వింది. ఆ తర్వాత, నీకు మిల్లంటే తెలుసా, మిరపకాయంటే తెలుసా, పోనీ ఘాటంటే అయినా తెలుసా అని అడిగింది. ఇంట్లో పాలు ఎక్కణ్ణించి వస్తున్నాయో, ఆ పాలిచ్చేదాన్ని ఎండలో కట్టేస్తే ఏమవుతుందో కూడా వివరంగా చెప్పింది. ఇంత జరిగినా జాన్ బాషా పట్టు వదల్లేదు. చివరికి ఎదురింటి జక్రయ్యని పెద్దమనిషిగా కూర్చోబెట్టుకుని ఒప్పందానికొచ్చారు.

జక్రయ్య చర్చి పెద్ద, మిరప రైతు. మంచం మీద నుంచి లేవకుండా ఊరి తగాదాలన్నీ తీర్చగలవాడు. లేచి చెయ్యాల్సిన పని ఏదొచ్చినా ప్రభువు చూసుకుంటాడు అనేవాడు. చిత్రమేమిటంటే ప్రభువు కూడా చాలాసార్లు చూసుకునేవాడు. ఆ రోజు మంచం మోయించుకుని వీధి దాటి వచ్చాడని కొందరంటారు. అది అబద్ధం. వీళ్లే అతని మంచం దగ్గరికి వెళ్లారు.

తొడిమలు తీసి, ఎండబెట్టి, ఏడాది కారానికని దాచిన మిరపకాయల బస్తాని గుల్జార్ బేగం అక్కడికే తెప్పించి చూపించింది.

"ఈ బస్తా కాయ కారమై నా జాడీలోకి వస్తే షెడ్డు నీదే," అంది. "రాలేదనుకో, నా బర్రె దాని చోటుకి అది పోద్ది. మిల్లు నీ అరుగు మీద పెట్టుకుని తిప్పుకో. జక్రయ్యన్నా, విన్నావుగా?"

"విన్నానమ్మా," అన్నాడు జక్రయ్య పడుకునే.

గేదె ఆ మర్నాడే షెడ్డు వెనక వేపచెట్టు కిందికి మారింది. మారేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. అది ఒప్పందాన్ని ఒప్పుకున్నట్టు లేదు.

జాన్ బాషాకి కరెంటు చదువు లేదుగానీ కరెంటుతో చుట్టరికం ఉంది. పెద్ద తుపానుకి స్తంభాలన్నీ పడిపోయిన ఏడు లైను ముఠాతో కలిసి తీగ మోశాడు. మోసింది ఉత్త తీగే. చెప్పగా చెప్పగా అది మెల్లమెల్లగా కరెంటున్న తీగ అయింది. ఇంకొన్నేళ్లకి ఆ తెగిన తీగ కొసలు రెండూ చెరో చేత్తో పట్టుకుని, లైనువాళ్లు భోంచేసి వచ్చేదాకా ఊరికి తన ఒంట్లోంచే కరెంటు పంపించాడు. అంతసేపూ అరవనైనా అరవలేదా అని ఎవరైనా అడిగితే, "నేనెందుకు అరుస్తా? అదే అరిచింది," అనేవాడు.

అలాంటివాడు తన షెడ్డుకి పరాయి మనిషి చేత వైరింగు చేయించుకుంటాడా? లైన్‌మన్ శ్యామ్ సుందర్ మంచి కుర్రాడు, బాబాయ్ బాబాయ్ అంటూ తిరిగేవాడు, తనే వచ్చి చేసిపెడతానన్నాడు. జాన్ బాషా వద్దన్నాడు. స్తంభం నుంచి మీటరు దాకా నీ వంతు, మీటరు నుంచి మోటారు దాకా నా వంతు అని సుద్దముక్కతో గోడ మీద గీత గీశాడు. నీ గీత దాటి నేను రాను, నా గీత దాటి నువ్వు రాబాకు అన్నాడు. ఆ గీతే వాళ్లిద్దరి కొంపా ముంచింది.

పని మటుకు శుభ్రంగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎరుపు, పసుపు, నీలం, మూడు ఫేజులకి మూడు రంగుల తీగలు తెచ్చాడు. గోడ పొడవునా పైపు వేసి, జానెడుకొక క్లిప్పు కొట్టి, ఆ పైపులోంచి తీగలు లాగాడు. ఒక మెయిన్ స్విచ్చి, పక్కన ఫ్యూజులు, ఆ పక్కన పచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం ఉన్న స్టార్టరు. ఊళ్లో అందరిలాగా ఫ్యూజులో మేకు లావు రాగితీగ చుట్టకుండా, కరెంటు ఎక్కువైతే ఏ తీగ కాలాలో ఆ తీగే కట్టాడు. పది గుర్రాల మోటారుకి తగ్గ లావు తీగలే వేశాడు. గుల్జార్ బేగం చూసి, దీని మీద బట్టలారేసుకోవచ్చా అని అడిగింది. అతను ఇంకో క్లిప్పు కొట్టాడు.

ఎర్తింగుకి షెడ్డు వెనక వేపచెట్టు దగ్గర గుంట తవ్వాడు. మోటారు ఒంట్లో కరెంటు ఎక్కితే మనుషుల్ని పట్టుకోకుండా భూమిలోకి దిగిపోవడానికి ఆ గుంట. అందులో పైపు నిలబెట్టి చుట్టూ ఒక వరస బొగ్గులు, ఒక వరస ఉప్పు పోస్తుంటే గుల్జార్ బేగం ఏం ఊరగాయ పెడుతున్నావని అడిగింది. నల్లరేగడి ఎండాకాలం పగుళ్లిస్తుందని, పగిలిన నేల కరెంటుని మింగదని, అందుకని ఎర్తింగు గుంటలో రోజూ ఒక బిందె నీళ్లు పొయ్యాలని జాన్ బాషా విడమరిచి చెప్పాడు. రోజూ ఎవరు పోస్తారంటే తనే పోస్తానన్నాడు. మొదటి రోజు పోశాడు కూడా.

ఇక్కడ త్రీఫేజు మోటారు గుణం ఒకటి చెప్పుకోవాలి. దానికొచ్చే మూడు తీగల్లో ఏ రెండింటిని అటుదిటు ఇటుదటు మార్చినా మోటారు వెనక్కి తిరుగుతుంది. మళ్లీ ఆ రెండూ మారిస్తే మళ్లీ ముందుకి. బోరు మోటార్లున్న ఊళ్లో ఇది పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతే. జాన్ బాషా మిల్లుని ఉత్తినే తిప్పి చూసి, సరైన వైపే తిరుగుతోందని రూఢి చేసుకుని, అప్పుడు బెల్టు మీద రేకు మూత బిగించాడు. ఆ మూత మీద ఏ వైపు తిరగాలో ఎర్ర రంగుతో బాణం గుర్తు వేశాడు. ఆ తర్వాత ఏమేం జరిగినా సరే, ఆ బాణం మాత్రం ఏనాడూ తప్పు దారి చూపలేదు.

ప్రారంభం శుక్రవారం నమాజు తర్వాత అని ఊరంతా చెప్పాడు. గురువారం నాడు ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అన్ని బోర్లూ ఒక్కసారే వేస్తే అది మాత్రం ఏం చేస్తుంది? శ్యామ్ సుందర్ ఎక్కడినుంచో ఇంకొకటి ట్రక్కులో వేసుకొచ్చి, రాత్రంతా నిద్ర లేకుండా ఎక్కించి, శుక్రవారం పొద్దున్నే ఊరికి కరెంటిచ్చాడు. ఆ తొందరలో రెండు తీగలు అటుదిటు, ఇటుదటు బిగించేశాడు. ఊళ్లో బల్బులకి ఆ తేడా తెలియదు, వెలిగాయి. మోటార్లకి తెలుసు. అవన్నీ వెనక్కి తిరగడం మొదలెట్టాయి. పొలాల్లో నీళ్లు సన్నగిల్లాయి. ఆ కబురు ఊళ్లోకి చేరేలోపలే జాన్ బాషా షెడ్డు ముందు జనం చేరారు.

మసీదు పీరు సాహెబు దువా చేశాడు. జక్రయ్య కుర్చీ వేయించుకుని కూర్చుని ప్రార్థన చేశాడు. గుల్జార్ బేగం తన బస్తాలోంచి ఒక తట్టెడు కాయలు తెచ్చి, ఆముదం చెయ్యి రాసి, మిల్లు నోట్లో పోసింది. జాన్ బాషా మిల్లుకి వీపు పెట్టి, జనం వైపు మొహం పెట్టి, తుపాను నాటి సంగతి కాస్త ఎత్తుకుని, చెయ్యి వెనక్కి చాపి పచ్చ బొత్తాం నొక్కాడు.

కాయలు పొడై కింద కట్టిన గుడ్డసంచిలోకి దిగాలి. కానీ మిల్లు లోపల వెనక్కి తిరిగే సుత్తులు వాటిని కిందికి పోనివ్వలేదు. సగం నలగ్గొట్టి, వచ్చిన దారినే పైకి విసిరికొట్టాయి. షెడ్డు కప్పు దాకా ఎర్రగా ఒక పొగ లేచింది. మొదట పీరు సాహెబు తుమ్మాడు. తర్వాత ఎవరు ఎప్పుడు తుమ్మారో లెక్క లేదు. ఆ తుమ్ములకి మసీదు గుమ్మటం మీది పావురాలు లేచి వినుకొండ కొండ మీద వాలాయని చెప్పేవాళ్లున్నారు. అంత దూరం నమ్మక్కర్లేదు, నరసరావుపేట దాకా పోయుంటాయి. జాన్ బాషా కళ్లు మూసుకుని గోడ తడిమి ఎర్ర బొత్తాం నొక్కాననుకున్నాడు. కళ్లు మూసుకున్నవాడికి ఎర్రదైనా పచ్చదైనా ఒకటే. రెండోసారి తడిమితేగానీ మిల్లు ఆగలేదు.

జనం వెళ్లిపోయాక గుల్జార్ బేగం కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తన జాడీలోకి తొంగిచూసింది. జాడీ శుభ్రంగా ఉంది. వేపచెట్టు కింద గేదె కూడా ఒక తుమ్ము తుమ్మింది.

రేకు మూత విప్పి చూస్తే సంగతి జాన్ బాషాకి వెంటనే తెలిసింది. తను సరిగా బిగించిన మోటారు వెనక్కెందుకు తిరిగిందో మాత్రం అంతు పట్టలేదు. ఎవరో గిట్టనివాళ్లు తీగలు మార్చి ఉంటారనుకున్నాడు, గిట్టనివాళ్లలో గేదెని కూడా కలిపి. ఎలా అయితేనేం, తన వైరింగులో తప్పొచ్చిందంటే తుపాను కథ నుంచి నేటి దాకా అన్నీ కొట్టుకుపోతాయి. అందుకని తలుపులు మూసి, ఎర్ర తీగ చోట నీలం, నీలం చోట ఎరుపు బిగించి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. అడిగినవాళ్లకి, మోటారు వేటపాలెంది గదా, ఒంట్లో సముద్రపు గాలి ఉంది, అది పోయేదాకా కొంచెం తుమ్ముద్ది అని చెప్పాడు.

అవతల శ్యామ్ సుందర్ పరిస్థితీ అదే. పొలాల్లోంచి రైతులొచ్చి మోటార్లు వెనక్కి తిరుగుతున్నాయని చెప్పగానే తను ఎక్కడ తప్పు చేశాడో అతనికి తెలిసిపోయింది. ఒప్పుకుంటే ఉద్యోగానికి ముప్పు. అందుకని శనివారం, ఫ్యూజులు చూసిపోదామని వచ్చానంటూ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కి, ఆ రెండు తీగలూ మార్చేసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఈలోగా ఊళ్లో చురుకైన రైతులందరూ ఎవరి స్టార్టరు దగ్గర వాళ్లు తీగలు మార్చుకునే ఉన్నారు. శ్యామ్ సుందర్ స్తంభం దగ్గర సరిచెయ్యగానే వాళ్లందరి మోటార్లూ మళ్లీ వెనక్కి తిరిగాయి. ఏమీ చెయ్యకుండా పడుకున్న జక్రయ్య మోటారు ఒక్కటీ తనంతట తనే దారికొచ్చి బుసబుసా నీళ్లు పోసింది. ఆదివారం చర్చిలో జక్రయ్య ఈ సంగతి సాక్ష్యం చెప్పాడు. తొందరపడి చేతులు పెట్టేవాడికి సన్న ధార, నమ్మి నిదానించేవాడికి నిండు ధార అన్నాడు. చురుకైన రైతులు తలలు వంచుకుని విన్నారు.

ఆ సాయంత్రమే జాన్ బాషా రెండోసారి మిల్లు వేశాడు. ఈసారి ముందుగా ఉత్తినే తిప్పి చూద్దామని అతనికి అనిపించకపోలేదు. కానీ రోజూ కాసేపే ఇచ్చే త్రీఫేజు కరెంటు వచ్చేసరికే జనం వచ్చేసి కూర్చున్నారు. అందరి ముందు తిప్పి చూసుకుంటే తన వైరింగు మీద తనకే నమ్మకం లేదన్నట్టు. అందరూ తువాళ్లు ముక్కులకి కట్టుకునే వచ్చారు. పీరు సాహెబు దువా వీధి మలుపు దగ్గరే నిలబడి చేశాడు. గుల్జార్ బేగం ఇంకో తట్ట పోసింది. జాన్ బాషా ఈసారి తుపాను ఊసెత్తకుండా పచ్చ బొత్తాం నొక్కాడు.

తువాళ్లు ఏపాటి ఆపుతాయి? గాలి పడమటి నుంచి వీస్తోందేమో, తూర్పు బజారులో సాయంత్రం వంటలు మానేశారు. కొందరు ఉత్త అన్నంలో ఆ గాలే నంజుకుని తిన్నారనీ, కారం సరిపోయిందనీ తర్వాత చెప్పుకున్నారు.

అప్పటికి జాన్ బాషాకి తట్టింది. తను మార్చాడు, అవతలా ఎవరో మార్చారు. మర్నాడు మాబూబీ టీ కొట్టు దగ్గర శ్యామ్ సుందర్ని పట్టుకున్నాడు. కొట్లో బల్ల మీద జక్రయ్య చేరగిలబడి ఉన్నాడు.

"అబ్బాయ్, స్తంభం మీద చెయ్యి పెట్టావా?" అన్నాడు జాన్ బాషా.

"ఫ్యూజులు చూశా బాబాయ్," అన్నాడు శ్యామ్ సుందర్. టీ గ్లాసు అటూ ఇటూ తిప్పి, "నువ్వు షెడ్డులో ఏమన్నా కదిపావా?" అన్నాడు.

"బూజు దులిపా."

ఇద్దరూ టీ తాగారు. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి ఒకరి మొహం ఒకరికి దొరికిపోయింది. ముందు శ్యామ్ సుందర్ నవ్వాడు. తర్వాత జాన్ బాషా నవ్వాడు. అంతా బయటపడ్డాక ఇక మర్యాదలు మొదలయ్యాయి. అంతవరకూ అయిన నష్టం వేరు, ఈ మర్యాదల వల్ల అయిన నష్టం వేరు.

"నువ్వు కదిలించబాకు అబ్బాయ్. నా మోటారు నేనే మార్చుకుంటా," అన్నాడు జాన్ బాషా.

"అదేం మాట బాబాయ్? పెద్దోడివి, నడుము నొప్పి మనిషివి. తప్పు నాది. నేనే స్తంభం దగ్గర మళ్లీ తిప్పేస్తా. నీ షెడ్డులో తీగ కదలకూడదు."

"నాకోసం నువ్వు దిమ్మె ఎక్కడమేంది? వద్దన్నానా?"

"నేనుండగా నువ్వు స్క్రూడ్రైవరు పట్టుకోవడమేంది? నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టేంది, నా మీదే ఒట్టు."

జక్రయ్య బల్ల మీద నుంచే తీర్పు చెప్పాడు. ఎవరి మర్యాద వాళ్లు నిలుపుకున్నారు, ఇక ఎవరి పనికి వాళ్లు పోండి అన్నాడు. ఇద్దరూ తలలూపి లేచారు. మన వైపు మర్యాద ఎలాంటిదంటే, వద్దన్నవాడి వద్దు ఎవరూ నమ్మరు. వద్దంటున్నాడంటే చెయ్యమనే అర్థం. జాన్ బాషా ఇంటికెళుతూ, పాపం కుర్రాడు మొహమాటానికి అన్నాడుగానీ మళ్లీ అంతా విప్పుతాడా, మనమే మార్చుకుందాం అనుకున్నాడు. శ్యామ్ సుందర్ సైకిలు తొక్కుతూ, పెద్దాయన అట్టాగే అంటాడుగానీ ఆ నడుముతో వంగలేడు, మనమే మార్చేద్దాం అనుకున్నాడు.

ఇద్దరూ మార్చేశారు.

మూడోసారి జనాన్ని పిలవలేదు. ఇంట్లోవాళ్లూ జక్రయ్యా తప్ప ఎవరూ లేరు. సాక్షి లేకపోతే ఒప్పందం చెల్లదని గుల్జార్ బేగమే అతన్ని పిలిపించింది. జాన్ బాషా ఆ రోజు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఉన్నాడు. ఈసారి అనుమానానికి చోటే లేదని, ఉన్న కాయంతా ఒక్కసారే పొయ్యమని చెప్పాడు. ఆమె అతని మొహంలోకి ఒకసారి చూసి, బస్తా అడుగుదాకా మిల్లు నోట్లో కుమ్మరించింది. ఖాళీ బస్తాని మడిచి చంకలో పెట్టుకుని వాకిట్లోకి వెళ్లి నిలబడింది. పచ్చ బొత్తాం నొక్కినవాడు మాత్రం లోపలే ఉన్నాడు.

రేకుల కప్పు ఎర్రబడింది. గోడలు ఎర్రబడ్డాయి. బాణం గుర్తు వేసిన ఎరుపేదో, మీద పడిన ఎరుపేదో తెలియకుండా పోయింది. లోపల్నుంచి జాన్ బాషా వచ్చాడు. అది జాన్ బాషానే అని తుమ్ముని బట్టి గుర్తుపట్టారు.

అదే వేళకి పొలంలో జక్రయ్య మోటారు కూడా వెనక్కి తిరగడం మొదలెట్టింది. కబురొస్తే అతను చాలాసేపు ఆకాశం వైపు చూశాడు. ప్రభువు ఈసారి వేరే పనిలో ఉన్నట్టున్నాడు.

గుల్జార్ బేగం జాడీ తెచ్చి వాకిట్లో పెట్టి మూత తీసింది. అందులో ఏమీ లేదు. అందరూ చూశారు. జాన్ బాషా కూడా ఒక కన్ను తెరిచి చూశాడు. ఒప్పందం ఒప్పందమే. ఇక రేపు మిల్లు విప్పాలి, పైపులు పీకాలి, జానెడుకొకటి కొట్టిన క్లిప్పులన్నీ ఊడబెరకాలి, మోటారుని అరుగు మీదికి ఎక్కించాలి. ఆ తర్వాత దాని పక్కనే కూర్చుని, గేదె చూసే చూపుకి ఏం సమాధానం చెప్పాలో ఆలోచించుకోవాలి. అతను అరుగు మీదికెళ్లి కూర్చున్నాడు. నడుము నొప్పి అంతకుముందు కంటే ఎక్కువైంది.

గుల్జార్ బేగం వేపచెట్టు దగ్గరికెళ్లి పలుపు విప్పింది. ఊరేగింపు లాగా తీసుకొచ్చింది గేదెను, మెడలో గంట కూడా కట్టింది. గేదె ఠీవిగా నడిచొచ్చింది. షెడ్డు గుమ్మం దాకా వచ్చి, మెడ చాపి, లోపలి గాలి ఒక్క గుక్క పీల్చి, నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి ఆగిపోయింది.

ఆ తర్వాత అది తుమ్మిన తుమ్ముకి ఇనప తలుపు ఒక రెక్క దానంతట అదే మూసుకుంది.

గుల్జార్ బేగం తవుడు చూపించింది. నానబెట్టిన పత్తిగింజలు చూపించింది. ముద్దు చేసింది, తిట్టింది, మూతికి పైట చెంగు అడ్డం పెట్టి లాగింది. గచ్చు కడిగింది, గోడలు కడిగింది. కడిగినకొద్దీ ఘాటు ఇంకా లేచింది. చివరికి జక్రయ్య సాక్షిగా తన బాధ్యత గుర్తొచ్చి కుర్చీలోంచి లేచాడు. ఊళ్లో జనం ఆ సంవత్సరమంతా చెప్పుకున్నది మిల్లు గురించి కాదు, జక్రయ్య లేవడం గురించి. లేచి, గేదె వెనక్కి వెళ్లి రెండు చేతులా తోశాడు. గేదె తోక ఒక్కసారి విసిరి, గిర్రున వెనక్కి తిరిగి, పలుపు గుంజుకుని, వేపచెట్టు కిందికి పోయి తన చోట్లో పడుకుంది.

జాన్ బాషా అరుగు మీద నుంచి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. నవ్వితే పని చెడుతుందని తెలుసు. అందుకని తుమ్మాడు.

గుల్జార్ బేగం ఖాళీ జాడీకి మూత పెట్టి, వచ్చి అతని ముందు నిలబడింది.

"నా బర్రె వద్దంది గాబట్టి వదిలేస్తన్నా," అంది. "నువ్వు గెలిచావని ఊళ్లో చెప్పబాకు. దానికి ఆ చెట్టు కిందే పాక వెయ్యి. ఆ పాకలోకి మాత్రం నువ్వు కరెంటు తెచ్చావంటే చూడు."

అలా మూడుసార్లు వెనక్కి తిరిగిన మిల్లే జాన్ బాషాకి షెడ్డుని సంపాదించిపెట్టింది. ఒక్కసారి సరిగ్గా తిరిగి, జాడీ సగం నిండాక మిగతా కాయ మాడి ఉంటే ఏం జరిగేదో చెప్పలేం. ఆ మర్నాడు శ్యామ్ సుందర్ ఊళ్లో దండోరా వేయించాడు, స్తంభం ఎలా ఉందో అలాగే ఉంటుంది, ఇక మీద ఎవరి తీగలు వాళ్లే సరిచేసుకోవాలని. జాన్ బాషా ఎర్ర తీగా నీలం తీగా మార్చుకున్నాడు. ఈసారి మూత బిగించక ముందే మిల్లుని ఉత్తినే తిప్పి చూసుకున్నాడు. ఏడాది కారానికి గుల్జార్ బేగం మళ్లీ కాయ కొని పట్టించింది. పట్టించే ముందు వరసలో నిలబడింది, అందరిలాగే.

మిల్లు బాగానే నడిచింది. తుపాను కథ పాతబడి దాని చోట కొత్త కథ వచ్చింది. షెడ్డు నిలవాలంటే గేదె రాకూడదు, గేదె రాకూడదంటే ఘాటు గోడలకి పట్టాలి, గోడలకి పట్టాలంటే మోటారు వెనక్కి తిరగాలి, అందుకే కావాలనే మూడుసార్లు తిప్పానని జాన్ బాషా చెప్పేవాడు. ఊళ్లో వాళ్లు ఊఁ కొట్టేవాళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏ మరమ్మతు జరిగినా, పొలానికి పోయి మోటారు చూసుకోవడం మానేసి, ముందు బాషా షెడ్డు వైపు చెవి పెట్టేవాళ్లు. తుమ్ము వినపడితే స్క్రూడ్రైవరు తీసుకుని బయల్దేరేవాళ్లు.

రెండేళ్ల తర్వాత పై ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు మిల్లుల్లో ఎర్తింగులు చూడ్డానికి వచ్చాడు. మండు వేసవి. నల్లరేగడి చెయ్యి దూరేంత పగుళ్లిచ్చింది. చూసిన ప్రతి మిల్లులోనూ ఎర్తింగు గుంటలు ఎండి పెటపెటలాడుతున్నాయి. జాన్ బాషా షెడ్డు వెనక మీటరు పెట్టి చూసి ఇంజనీరు ఆశ్చర్యపోయాడు. ఇంత మంచి ఎర్తింగు ఈ చుట్టుపక్కల ఎక్కడా చూడలేదు, ఎండాకాలంలో కూడా ఇంత తడి ఎలా నిలిపారండీ అని అడిగాడు.

శ్యామ్ సుందర్ పక్కకి తిరిగి దగ్గాడు. మొదటి రోజు పోసిన బిందె తర్వాత ఆ గుంటలో జాన్ బాషా చుక్క నీళ్లు పోసిన పాపాన పోలేదని అతనికి తెలుసు. జాన్ బాషా మాత్రం గొంతు సవరించుకుని బొగ్గుల సంగతి చెప్పాడు, ఉప్పు సంగతి చెప్పాడు, ఏ వరస మీద ఏ వరస వెయ్యాలో చెప్పాడు. తుపాను దాకా వెనక్కెళ్లి చెప్పాడు. ఇంజనీరు శ్రద్ధగా విన్నాడు.

పాక గుమ్మంలో తవుడు కలుపుతున్న గుల్జార్ బేగం చెయ్యి ఆపింది.

"అన్నీ చెప్పావుగా," అంది. "ఆ గుంటలో రోజూ ఎవరు పోస్తన్నారో అది కూడా చెప్పు."

జాన్ బాషా వెనక్కి తిరగలేదు. గుంటకి ఎగువన, వేపచెట్టు కింద, గేదె తీరిగ్గా లేచి నిలబడి తోకెత్తింది.